బీరాఫ్ మార్పు ఉన్న పెద్దపేగు క్యాన్సర్‌కు రెండు మందులు ఎందుకు?

ప్రశ్న:
మా అక్కకు పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకింది. కణితి పరీక్షలో బీరాఫ్ వి600ఇ అనే జన్యుమార్పు బయటపడింది. కీమోథెరపీ పనిచేయడం మానేయడంతో, ఇకపై ఎన్‌కోరాఫెనిబ్ మాత్రలతో పాటు సెటుక్సిమాబ్‌ను సెలైన్ ద్వారా ఎక్కిస్తామని డాక్టరు గారు చెప్పారు. లోపం బీరాఫ్‌లోనే ఉన్నప్పుడు దానిని అడ్డుకునే మాత్ర ఒక్కటే ఎందుకు సరిపోదు? ఇప్పటికే నీరసించిన మనిషి రెండో మందును తట్టుకోగలదా అని భయంగా ఉంది.

మొదటి సమాధానం:
ఈ సందేహం ఒకప్పుడు పరిశోధకులకూ కలిగింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో ఇదే మార్పు ఉన్నవారికి, బీరాఫ్‌ను అడ్డుకునే వెమురాఫెనిబ్ ఒక్కటే కణితులను బాగా తగ్గించి, 2011లో అమెరికాలో అనుమతి పొందింది. పెద్దపేగు క్యాన్సర్‌లో మాత్రం దాదాపు నిష్ఫలమైంది. కారణం 2012లో తేలింది. పెరగమనే సంకేతం కణం పైపొరలోని ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకం నుంచి రాస్, రాఫ్ (బీరాఫ్ ఈ రకానిదే), మెక్, ఎర్క్ అనే ప్రోటీన్ల వరుసలో లోపలికి దిగుతుంది. చివరనున్న ఎర్క్ చురుగ్గా ఉన్నంతకాలం ఈజీఎఫ్ఆర్ అణగి ఉంటుంది. బీరాఫ్‌ను ఆపగానే ఆ పట్టు సడలి, గ్రాహకం మేల్కొని, సంకేతాన్ని మళ్ళీ కిందికి పంపుతుంది. మెలనోమా కణాల్లో ఈజీఎఫ్ఆర్ చాలా తక్కువ కాబట్టి అక్కడ ఈ చిక్కు అంతగా రాలేదు. సెటుక్సిమాబ్ మూసేది ఆ గ్రాహకాన్నే. అంటే మీ అక్కగారి విషయంలో రెండో మందు అదనపు భారం కాదు, మొదటిది పనిచేయడానికి అవసరమైనది. 2019లో వెలువడిన బీకన్ అనే క్లినికల్ ట్రయల్ ఫలితాల్లో ఈ జంట తీసుకున్నవారి మధ్యస్థ జీవితకాలం 8.4 నెలలు కాగా, సెటుక్సిమాబ్‌ను కీమోథెరపీతో కలిపి తీసుకున్నవారిది 5.4 నెలలు. తేడా చిన్నదే, కానీ మధ్యస్థమంటే సగం మంది అంతకంటే ఎక్కువ కాలం జీవించారని అర్థం.

రెండో సమాధానం:
మందులు రెండైతే బాధలు రెట్టింపవుతాయని మేమూ అనుకున్నాము. మెలనోమాకు మా నాన్నగారు బీరాఫ్‌ను ఆపే డబ్రాఫెనిబ్, మెక్‌ను ఆపే ట్రామెటినిబ్ కలిపి వాడారు. బీరాఫ్ మందును ఒంటరిగా వాడితే కొందరికి చర్మంపై కొత్త గడ్డలు వస్తాయి. మెక్‌ను ఆపే మందు తోడైతే అవి తగ్గుతాయి. జ్వరం మాత్రం పెరుగుతుంది. మూడో వారంలో ఒక రాత్రి ఆయనకు వణుకు వచ్చి, థర్మామీటరు 102 చూపించింది. డాక్టరు గారు రెండు మాత్రలూ ఆపించి, జ్వరం పూర్తిగా తగ్గాక మళ్ళీ మొదలుపెట్టారు. సెటుక్సిమాబ్‌తో ముఖం, ఛాతీపై మొటిమల వంటి దద్దుర్లు సాధారణం, రక్తంలో మెగ్నీషియం కూడా పడిపోవచ్చు. దద్దుర్లు కనిపించిన రోజే చూపించండి, మీ అంతట మీరు మాత్రలు ఆపవద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మొదటి డోసుకు ముందే మెగ్నీషియం పరీక్ష చేయించమని, రాత్రివేళ జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో చెప్పమని డాక్టరు గారిని అడుగుతాను.