చిన్న ఆప్లిక్ పువ్వులకు ఏ కత్తెర సరిపోతుంది?

మిషన్ మీద ఆప్లిక్ (ఒక గుడ్డ మీద మరో గుడ్డ ముక్కను పువ్వులాంటి ఆకారంలో కుట్టే పని) కుట్టేటప్పుడు, పువ్వు చుట్టూ మొదటి వరుస వేశాక మిగిలిన గుడ్డను కుట్టుకు 2 మిల్లీమీటర్ల లోపు కత్తిరించబోతే, రేకులు కలిసే లోపలి మూలల్లో కత్తెర మొన కింది గుడ్డలోకి దిగి గాటు పెడుతోంది. రెండూ పలుచని నూలు గుడ్డలే. 8 అంగుళాల దర్జీ కత్తెర ఆ మూలల్లో తిరగదు. 4 అంగుళాల ఎంబ్రాయిడరీ కత్తెర చక్కగా తిరుగుతుంది గానీ, గాటు పెట్టేది దాని సూదిమొనే. సాన పట్టించాను, పైగుడ్డను వేలితో ఎత్తి పట్టి కూడా కత్తిరించి చూశాను, ఫలితం లేదు. ఒక బ్లేడు బాతుముక్కులా వెడల్పుగా ఉండే కత్తెర కింది గుడ్డను అణచిపెట్టి కాపాడుతుందని తెలుసు, అయితే అంగుళం కన్నా చిన్న రేకుల మధ్య ఆ వెడల్పే అడ్డం వస్తుందేమోనని నా సందేహం. ఇంత చిన్న ఆకారాలకు బాతుముక్కు కత్తెర మేలా, మొన పైకి వంగిన చిన్న కత్తెర మేలా? రెండూ వాడినవారు దయచేసి చెప్పగలరు.