మౌ కంటోన్మెంట్ దగ్గరలో చూడదగిన పాత ఊళ్లు ఏవి?

కొత్త క్వార్టర్ ఇల్లాలు:
మా వారి కోర్సు కోసం మౌ వచ్చాము, ఏడాది ఇక్కడే. అంబేద్కర్ పుట్టిన చోట కట్టిన స్మారకం చూశాము. ఇందౌర్ బజార్లు తిరిగి తిరిగి విసుగు పుట్టింది. ఆదివారం పొద్దున బయలుదేరి చీకటి పడేలోగా తిరిగి వచ్చేలా, చరిత్ర ఉన్న చిన్న ఊళ్లు చెప్పగలరా? మా అబ్బాయి ఆరో తరగతి, కోటలంటే పిచ్చి. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. అందరూ మాండూ కోట అంటున్నారు. నిజంగా అంత బాగుంటుందా?

మాజీ సిగ్నల్స్ హవల్దార్:
బాగుంటుందమ్మా, కానీ ఏ నెలలో వెళ్తారన్నదే అసలు సంగతి. మే నెలలో వెళ్లినవాళ్లు ఎండిన చెరువులు చూసి తిట్టుకుంటూ వస్తారు. వానలు బాగా పడ్డాక వెళ్లండి. ముంజ్, కపూర్ చెరువులు రెండూ నిండితేనే వాటి మధ్య జహాజ్ మహల్ ఓడలా కనిపిస్తుంది. మీవాడికి దాని మేడ మీద ఉన్న స్నానపు కొలను, అందులోకి నీళ్లు మెలికలు తిరుగుతూ వచ్చే సన్నటి కాలువ తప్పకుండా చూపించండి. మాండూను ఏలిన సుల్తాన్ హోషంగ్ షా సమాధి పాలరాతి కట్టడం. షాజహాన్ కొలువులోని వాస్తుశిల్పులు 1659లో వచ్చి దానికి నివాళి అర్పించారని ద్వారం దగ్గర శాసనం ఉంది. జనం దాన్ని చదవకుండా ఫొటో తీసుకుని పోతారు.

రూపమతి మంటపం దగ్గర గైడు ఆమెకూ మాండూ సుల్తాన్ బాజ్ బహదూర్‌కూ నడిచిన ప్రేమకథ అందుకుంటాడు. వినండి, తప్పులేదు. అయితే అది మొదట సైన్యం కాపలా కోసం కట్టిన చోటు. కొండ అంచున నిలబడితే నిమాడ్ మైదానమంతా పరుచుకుని ఉంటుంది, గాలి తేటగా ఉన్న రోజున నర్మద కూడా కనిపిస్తుంది. ఆ స్థలాన్ని ఎంచినవాడు సైన్యంలో సందేశాలు చేరవేసే మా సిగ్నల్స్‌లో ఉండవలసినవాడు! ఇంత కోట ఉండి కూడా 1561లో బాజ్ బహదూర్ సారంగ్‌పూర్ దగ్గరే అక్బర్ సేనకు ఓడిపోయాడు. తిరుగు దారిలో ధార్‌లో ఒక గంట ఆగండి. లాట్ మసీదు దగ్గర మూడు ముక్కలైన ఇనుప స్తంభం ఉంది, అది చాలు.

నర్మద ఒడ్డు కోడలు:
నా ఓటు మహేశ్వర్‌కే. అహల్యాబాయి హోల్కర్ అక్కడి నుంచే రాజ్యం నడిపింది. రాణి అంటే మనకు మేడలు గుర్తొస్తాయి కదా, ఆమె ఉన్న రాజవాడ ఎంత సాదాగా ఉంటుందో చూడండి. ఆ ఊరే పురాణాల్లోని మాహిష్మతి అని చాలామంది పండితుల అభిప్రాయం. ఈ ఒక్క మాట చెప్పండి, మీ అబ్బాయి మీకన్నా ముందు కారెక్కుతాడు. అత్తగారు కోట పైభాగం చూసి అక్కడే కూర్చోవచ్చు, ఘాట్‌కు మాత్రం చాలా మెట్లు దిగాలి.

మహేశ్వరి చీర కొనాలనుకుంటే అక్కడి మగ్గాల దగ్గరకే వెళ్లండి. సాధారణంగా పడుగు పట్టు, పేక నూలు, కాబట్టి ఒంటి మీద బరువుండదు. అంచు రెండు వైపులా ఒకేలా ఉంటుంది, ఎటు తిప్పి కట్టుకున్నా సరే. జామ్ గేట్ మీదుగా వెళ్తే ఘాట్ రోడ్డు అందంగా ఉంటుంది. వానాకాలం ఆదివారాల్లో మాత్రం అక్కడ మేఘాలకన్నా కార్లు ఎక్కువ.

కొత్త క్వార్టర్ ఇల్లాలు:
చాలా థాంక్స్ అండీ. మాండూ, మహేశ్వర్ ఒకే రోజు కుదురుతాయా?

మాజీ సిగ్నల్స్ హవల్దార్:
కుదురుతాయి, రెండూ చూడకుండా! మాండూకు పొద్దున ఆరింటికే బయలుదేరండి, ఆ ఒక్క రోజూ దానికే ఇవ్వండి. మహేశ్వర్‌ను చలికాలానికి ఉంచుకోండి. స్టేషన్, అంటే డ్యూటీ ఉన్న ఊరు, దాటడానికి పైవారి అనుమతి తీసుకోమని మీ వారికి శుక్రవారమే గుర్తు చేయండి. మాండూలో బావోబాబ్ కాయలు అమ్ముతారు, మన గోల్కొండ దగ్గరున్న మహావృక్షం జాతివే. పుల్లగా ఉంటాయి, అత్తగారికి నచ్చవచ్చు.