కాంబర్‌ని ‘వంపు’ అనొచ్చా?

పెద్దలకు నమస్కారం. నా పాత కారుకి పొట్టి స్ప్రింగులు వేయించి 40 మిల్లీమీటర్లు కిందికి దించాను. ఆ సంగతంతా తెలుగులో రాద్దామని కూర్చుంటే, చక్రాల అమరికలో వచ్చే కాంబర్ అనే మాట దగ్గరే ఆగిపోయాను. ‘వంపు’ అని రాసుకున్నాను. శనివారం ఆటోనగర్‌లో అదే మాట వాడి “ముందు చక్రాల వంపు చూడన్నా” అంటే, అతను చక్రం ఊడదీసి గిర్రున తిప్పి, రిమ్ అంచు దగ్గర స్క్రూడ్రైవర్ పెట్టి చూసి “ఏం వంగలే అన్నా, సీదాగనే ఉంది” అన్నాడు. తప్పు నాదా, మాటదా?

— మాటదే తమ్ముడూ. చువ్వ వంగుతుంది, గోడ ఒరుగుతుంది. వంగితే ఆకారం మారుతుంది, ఒరిగితే నిలువు తప్పుతుంది. ముందు నుంచి చూస్తే చక్రం నిలువు గీత నుంచి ఎంత పక్కకి ఒరిగి ఉందో ఆ కోణమే కాంబర్, కాబట్టి ‘ఒరుగు’. రోడ్డు కాంబర్ అయితే నిజంగా వంపే. వాననీళ్ళు జారిపోవడానికి నడిమధ్య ఎత్తు చేస్తారు.

— కాంబర్, మన కమాను ఒకటేనేమో? చార్ కమాన్, బండి కింద కమాను పట్టీలు, అన్నీ వంగినవే కదా.

— పోలిక బాగుంది కానీ చుట్టరికం కలపకండి. కాంబర్ ఫ్రెంచి మాట, దాని వెనక లాటిన్. కమాను పారసీ, విల్లు అని అర్థం.

— నాదో గోడు. మావాడు అలైన్‌మెంట్ కాగితం (చక్రాల కోణాలు కొలిచి ఇచ్చేది) చూసి “మైనస్ వచ్చింది” అని కంగారు పడ్డాడు, పరీక్ష తప్పినట్టు! చక్రం పైభాగం లోపలికి ఒరిగితే మైనస్, బయటికి ఒరిగితే ప్లస్, అంతే. దీన్ని ‘రుణాత్మక’ అన్నారంటే చదివేవాడు అప్పుల గురించి అనుకుంటాడు. లోపలికి, బయటికి అని తెలుగులో హాయిగా ఉంది కదా.

— నా కాగితంలో ఎడమ చక్రం మైనస్ 1 డిగ్రీ 50 నిమిషాలు. అంటే ఒకటిన్నరే కదా?

— కాదు! డిగ్రీకి 60 నిమిషాలు. మీది దాదాపు రెండు డిగ్రీలు. పంచాంగం చూసేవాళ్ళు ఆ నిమిషాన్ని ‘కల’ అంటారు, 60 కలలు ఒక భాగ. మా తాతగారు ఉంటే మీ కాగితం చదివి ముహూర్తం కూడా పెట్టేవారు.

— మరి అదే కాగితంలో ఉండే క్యాస్టర్?

— అది ‘వాలు’. గోడకి ఒరుగుతాం, పడకకుర్చీలో వెనక్కి వాలతాం. ఒరుగు పక్కకి, వాలు వెనక్కి. ఇక్కడ వాలేది చక్రం కాదు, స్టీరింగ్ తిరిగే ఇరుసు గీత. సైకిల్ ముందు ఫోర్కుని పక్కనుంచి చూడండి. ఆ గీతని నేలదాకా పొడిగిస్తే టైరు ఆనే చోటుకి కాస్త ముందు తగులుతుంది. అందుకే చక్రం దాని వెనక ఈడ్చుకొస్తున్నట్టు ఉండి, తిప్పి వదిలేస్తే తనే సీదా అవుతుంది.

— ఇక మూడో కోణం, టో. దాన్ని ఎక్కడో ‘బొటనవేలి కోణం’ అని చూశాను, దండం పెట్టాలనిపించింది. పైనుంచి చూస్తే రెండు చక్రాల ముందు అంచులు దగ్గరైతే టో ఇన్, దూరమైతే టో ఔట్. ‘ముక్కులు లోపలికి, ముక్కులు బయటికి’ అంటే చెప్పులేసుకునే ప్రతివాడికీ అర్థమవుతుంది. పోస్టు పెట్టినాయనకి ఒక మాట: బండి దించితే ఒరుగే కాదు, టో కూడా మారుతుంది. టైరుని త్వరగా అరగదీసేది ఎక్కువగా అదే. ముందు ఒరుగు సరిచేయించి, టో చివర్న పెట్టించండి. ఒరుగు కదిలితే టో మళ్ళీ మారిపోతుంది.

— ధన్యవాదాలండీ. ఇవాళ మళ్ళీ వెళ్ళాను. “చక్రం పైన లోపలికి ఒరిగింది” అన్నాను. వంగి చూసి, “అవ్ అన్నా, లోపల్కి పడ్డది. మొన్న గట్లనే చెప్పొచ్చు గద” అన్నాడు.