ఈ వారం సమస్య: ‘బట్టతలకు జడను భామ యల్లె’

నిర్వాహకుడు:
నాగోలు నుంచి అమీర్‌పేటకు మెట్రోలో వెళ్తూ, ఎదురుగా జుట్టు మొలిపిస్తామనే ప్రకటన చూస్తుంటే తట్టిన పాదం ఇది. ఛందస్సు ఆటవెలది, సమస్య చివరి పాదం. పైమూడు పాదాలు మీరు రాసి, ఈ పాదానికి అర్థం కుదిరేలా పద్యం పూరించాలి. జడ అల్లాలంటే జుట్టు కావాలి కదా, అది ఎక్కడి నుంచి తెస్తారో మీ ఇష్టం.

మల్కాజిగిరి మాస్టారు:
తలకు రంగు వేసి తాత కూర్చుండఁగా
బడికి వేళ యనుచుఁ బాప యేడ్చె;
మరక లంటకుండ మామకు బిగియించి
బట్ట తలకు, జడను భామ యల్లె.

నిర్వాహకుడు:
మాస్టారూ, నమస్సులు. బట్టను, తలను విడదీసి గట్టెక్కారు! కోడలు మామగారి తలకు బట్ట కట్టి, పాపకు జడ వేసింది. అన్వయం చక్కగా ఉంది. కాకపోతే ఈ విరుపు మొదట తట్టేదే.

కూకట్‌పల్లి సభ్యుడు:
గురువులకు వందనాలు. ఛందస్సు నేర్చుకుని రెండు నెలలే అయింది. తప్పులుంటే మన్నించి దిద్దండి.
వెనుక కురులు తీసి విత్తిరి ముందట,
మొలిచె నొక్క యేఁట మోహనముగ,
పెంచుకొనిన మగని చెంతఁ గూర్చుని నవ్వి
బట్టతలకు జడను భామ యల్లె.

నిర్వాహకుడు:
గణాలు సరిపోయాయి. మూడో పాదంలో యతి తప్పింది. పాదం మొదటి అక్షరానికి నడుమ యతి స్థానంలోని అక్షరంతో పొత్తు కుదరాలి, ‘పెం’కు ‘చెం’తో ఆ మైత్రి లేదు. ‘వెనుకఁ గూర్చుని’ అనండి. యతీ కుదురుతుంది, అర్థమూ బాగుపడుతుంది. జడ వేసేవాళ్లు కూర్చునేది వెనుకే కదా.

మల్కాజిగిరి మాస్టారు:
జుట్టు మొలిచాక అది బట్టతల ఎలా అవుతుందయ్యా?

నిర్వాహకుడు:
భూతపూర్వ న్యాయం మాస్టారూ. పదవి పోయినా మంత్రిగారూ అనే పిలుస్తాం కదా!

బోడుప్పల్ సభ్యురాలు:
నాకు ‘విత్తిరి’ దగ్గర అభ్యంతరం. మాది నల్గొండ జిల్లాలో వరి పండించే ఇల్లు. విత్తేది గింజను. ఈ జుట్టు మార్పిడిలో తల వెనుక నుంచి వెంట్రుకలను కుదుళ్లతో సహా తీసి ముందు గుచ్చుతారు. ఒక్కో కుదురులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఉంటాయట. అంటే అది అచ్చంగా నాటు. తల వెనుక భాగం నారుమడి అన్నమాట. ముందు జుట్టును రాల్చే డీహెచ్‌టీ హార్మోన్‌కు వెనుక జుట్టు అంతగా లొంగదు. చోటు మార్చి నాటినా ఆ గుణం దాన్ని వదలదు, అందుకే ఈ పద్ధతి పనిచేస్తుంది. మడిలో నారు ఎంతుంటే అంతే నాటగలం, మొత్తం పీకితే వెనుకా బోసిపోతుంది. ‘నారు పెరికి తెచ్చి నాటిరి ముందట’ అంటే ఎలా ఉంటుంది?

నిర్వాహకుడు:
అమ్మా, ఈ సవరణ ముందు నా యతి సవరణ చిన్నబోయింది. నా–నా యతి కూడా సరిపోయింది.

కూకట్‌పల్లి సభ్యుడు:
మేడమ్, నిజం చెప్తున్నాను, ఇది నా కథే. నాటించుకున్న మూడో వారం నుంచి దువ్వితే చాలు, నాటిన వెంట్రుకలన్నీ చేతికొచ్చేశాయి. డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరని ఒకటే టెన్షన్. క్లినిక్‌కు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. రాలడం మామూలేనని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే రాత్రులు నిద్రపోయేవాణ్ని.

బోడుప్పల్ సభ్యురాలు:
నాటిన కొత్తలో నారు కూడా అలాగే వాడిపోతుంది తమ్ముడూ. పైది పోయినా వేరు బతికే ఉంటుంది, తర్వాత తేరుకుంటుంది.

కూకట్‌పల్లి సభ్యుడు:
అవునక్కా, నాలుగో నెలలో మళ్లీ మొలక కనపడింది. నిండుగా అనిపించడానికి ఏడాది పట్టింది. ‘ఒక్క యేఁట’ అని అందుకే రాశాను.

నల్లకుంట సభ్యుడు:
సత్యభామ వేష సంబరమ్మునఁ దాను
సవర మమరఁ గట్టి సరస మొప్ప
మగఁడె మగువ యైన మాయ రంగస్థలిన్
బట్టతలకు జడను భామ యల్లె.

నిర్వాహకుడు:
కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి సవాలు విసురుతుంది. ఆ వేషానికి వేదాంతం సత్యనారాయణ శర్మగారు పెట్టింది పేరు. జడ అల్లిన భామ మగవాడే కావడం గొప్ప ఊహ. కానీ సవరం ఉన్న జుట్టుకు జత చేసేది. బట్టతలకు దాన్ని దేనికి కడతారు? ‘విగ్గు నమరఁ బెట్టి విభవ మొప్ప’ అని మార్చుకోండి.

సైదాబాద్ సభ్యురాలు:
మందు ఘాటు సోఁక మాయమయ్యెఁ గురులు;
చెలిమికత్తె తలనుఁ జేరె విగ్గు;
కొండ మీది మొక్కు కురు లవియే యంచు
బట్టతలకు జడను భామ యల్లె.

నల్లకుంట సభ్యుడు:
మందు ఘాటంటే కీమోథెరపీ కదమ్మా? తిరుమల తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది, విగ్గులకు వాడతారు. కానీ చెలిమికత్తె పెట్టుకున్నవి కొండ మీది కురులేనని ఎలా తెలుసు?

సైదాబాద్ సభ్యురాలు:
తెలియదండీ. అది నవ్వాలని నేనే అన్నాను. నవ్వింది. ఇప్పుడు సొంత జుట్టు వస్తోంది, మునుపటి కంటే కాస్త ఉంగరాలు తిరిగి.

నిర్వాహకుడు:
ఈ పద్యంలో దిద్దడానికి నాకేమీ కనపడలేదు.

కూకట్‌పల్లి సభ్యుడు:
సవరణలతో నాది:
నారు పెరికి తెచ్చి నాటిరి ముందట,
మొలిచె నొక్క యేఁట మోహనముగ,
పెంచుకొనిన మగని వెనుకఁ గూర్చుని నవ్వి
బట్టతలకు జడను భామ యల్లె.
మా ఆవిడకు చదివి వినిపించాను. ‘జడ ఎప్పుడు వేశాను?’ అని దువ్వెన పట్టుకుని వస్తోంది. ఉంటానండీ.