28 బ్యాండ్, అంతకంటే చిన్న బ్యాండ్ బ్రాలు: మీకు సరిపోయేవి ఎలా దొరికాయి?

సన్నజాజి:
అందరికీ నమస్తే. రొమ్ముల కింద నా చుట్టుకొలత 28 అంగుళాలు, రొమ్ముల మీదుగా 33. ఏ షాపులో అడిగినా 32 ఎ చేతిలో పెడతారు, అది లేకపోతే 34 ఎ. వేసుకున్న కాసేపటికే వెనక పట్టీ వీపు మీదికి ఎగబాకుతుంది. స్ట్రాపులు భుజాల మీంచి జారిపోతాయి. ముందేమో కప్పు అంచు ఒంట్లోకి దిగి, బట్టల మీద గీతలా కనబడుతుంది. చెయ్యి పైకెత్తితే బ్రా మొత్తం పైకి లేస్తుంది. 30 ఉందా అని అడిగితే చిన్నపిల్లల సెక్షన్‌లో చూసుకోమంటున్నారు. పదిమందిలో ఆ మాట వినడం చాలా బాధగా ఉంటోంది. సన్నటి ఒళ్లున్న పెద్దవాళ్లకు సరిపోయే బ్రాలు అసలు చేస్తారా? చేస్తే ఏ సైజు పేరుతో వెతకాలి?

వెన్నెలపూలు:
చేస్తారమ్మా, తప్పకుండా చేస్తారు. మీరు చెప్పిన రెండు కొలతలూ సరైనవైతే మీ సైజు 32 ఎ కానే కాదు. 28 డిడి దగ్గర మొదలుపెట్టండి. 28 అంటే బ్యాండ్, రొమ్ముల కింద ఒంటి చుట్టూ తిరిగే పట్టీ. డిడి అంటే కప్పు.

కంగారు పడకండి, డిడి అంటే భారీ రొమ్ములని కాదు. కప్పు అక్షరానికి సొంతంగా ఒక పరిమాణం లేదు. పై కొలతలోంచి బ్యాండ్ తీసేస్తే మిగిలేదే కప్పు: ఒక అంగుళం తేడా అయితే ఎ, రెండు బి, మూడు సి, నాలుగు డి, ఐదు డిడి. మీకు ఐదు. బ్యాండ్ ఒక మెట్టు పెరిగితే కప్పు ఒక మెట్టు తగ్గించాలి, అప్పుడే లోపలి చోటు అంతే ఉంటుంది. ఆ లెక్కన 28 డిడి, 30 డి, 32 సి, 34 బి, ఈ నాలుగింటిలో కప్పు చోటు ఒక్కటే. అంటే వాళ్లు మీకిచ్చిన 32 ఎలో బ్యాండ్ వదులు, కప్పు రెండు మెట్లు చిన్న. పట్టీ ఎగబాకడం, అంచు కోసుకోవడం ఒకే బ్రాలో ఎందుకు జరుగుతున్నాయో చూశారా? బరువు మోయాల్సింది బ్యాండే, స్ట్రాపులు కాదు. తప్పు మీ ఒంట్లో లేదు.

షాపువాళ్లు చేసేది ఇంకో లెక్క. కింది కొలతకు నాలుగో ఐదో అంగుళాలు కలిపి దాన్ని బ్యాండ్ అంటారు. 28కి నాలుగు కలిపితే 32, 33లోంచి 32 పోతే ఒకటి, కాబట్టి ఎ. కప్పుకు ఎ, బి, సి, డి అక్షరాలు పెట్టే పద్ధతి 1932లో ఎస్.హెచ్. క్యాంప్ అనే అమెరికా కంపెనీ తెచ్చింది. బాగా సాగే స్పాండెక్స్ దారం 1958లో గానీ రాలేదు, అంటే అప్పటి బ్యాండ్లు ఇంతగా సాగేవి కావు. ఈనాటి సాగే బ్యాండ్‌కు ఆ నాలుగు అంగుళాలు కలపాల్సిన పనే లేదు. అయినా కలుపుతున్నారంటే, అలా కలిపితే వచ్చినవాళ్లందరూ అరల్లో ఉన్న 32, 34, 36లోనే సర్దుకుంటారు కాబట్టి.

గవ్వలగలగల:
ఇంతకాలం స్ట్రాపులు బిగించుకుంటూ వచ్చాను, భుజాల మీద గుంటలు పడ్డాయి. బరువు మోయాల్సింది బ్యాండ్ అని మొదటిసారి వింటున్నాను. దీన్ని ఇంట్లో ఉన్న బ్రాతో పరీక్షించుకునే మార్గం ఉందా?

వెన్నెలపూలు:
ఉంది. బ్రాను తలకిందులుగా, కప్పులు వీపు వైపు ఉండేలా తిప్పి, మామూలుగా బ్యాండ్ ఉండే చోటే హుక్కు పెట్టుకోండి. ఇప్పుడు కప్పుల గొడవ లేదు, బ్యాండ్ ఒక్కటే ఒంటి మీద ఉంది. అలా హాయిగా ఉండి, మామూలుగా వేసుకుంటే మాత్రం బిగుతుగా అనిపిస్తే చిన్నది కప్పే, బ్యాండ్ కాదు. చాలామంది బిగుతుగా ఉందనగానే పెద్ద బ్యాండ్‌కు వెళ్లిపోయేది ఇక్కడే. కొత్త బ్రా ఎప్పుడూ చివరి హుక్కుకు, అంటే అన్నిటికంటే వదులైన దానికి సరిపోవాలి. సాగేకొద్దీ లోపలి హుక్కులకు జరగాలి, ఆ వరసలు ఉన్నదే అందుకు.

కుట్టుపెట్టె:
అసలు చిన్న బ్యాండ్లు ఎందుకు దొరకవో ఈ పనిలో ఉన్నదాన్ని కాబట్టి చెప్తాను. బ్రాలో చిన్నచిన్న ముక్కలు చాలా ఉంటాయి. కంపెనీ మధ్య సైజు ఒకటి తీసుకుని నమూనా కుట్టి, దాన్నే పెంచుతూ తగ్గిస్తూ మిగతా సైజులు చేస్తుంది. ఆ మధ్య సైజుకు ఎంత దూరం వెళ్తే కొలతలు అంత తప్పుతాయి. 28కి వచ్చేసరికి స్ట్రాపులు బాగా దగ్గరికి రావాలి, రెండు కప్పుల మధ్య ముక్క సన్నబడాలి, చంక కింద ఎత్తు తగ్గాలి. వీటిని విడిగా సరిచేయకుండా బ్యాండ్ పొడవు మాత్రం తగ్గిస్తే కప్పు కింద ఉండే వైరు చంకలో గుచ్చుకుంటుంది. పైగా ప్రతి బ్యాండ్‌కూ అన్ని కప్పులూ, అన్ని రంగులూ చేయాలంటే సరుకు కొండలా పేరుకుపోతుంది. అందుకే చాలా కంపెనీలు 32 దగ్గర ఆపేస్తాయి. కారణం తెలిసినంత మాత్రాన నాకు కోపం తగ్గలేదు లెండి. సన్నటివాళ్లు ప్రపంచంలో కొద్దిమందేం కాదు.

సన్నజాజి:
వెన్నెలపూలు అక్కా, తలకిందుల పరీక్ష ఇప్పుడే చేశాను. 32 బ్యాండ్‌కూ నా వీపుకూ మధ్య గుప్పెడు సందు ఉంది! మరి 28 డిడి ఎక్కడ వెతకాలి?

నీలికలువ:
నేను కొన్నవి చెప్తాను. బ్రిటిష్ బ్రాండ్లలో ఫ్రేయా, పనాష్, కర్వీ కేట్ 28 బ్యాండ్ చేస్తాయి. అయితే కప్పులు ఎక్కువగా డి, డిడి నుంచి పైకి ఉంటాయి. పోలండ్‌వాళ్లు చిన్న బ్యాండ్ల మీద బాగా శ్రద్ధ పెడతారు. ఎవా మిహాలక్, కోమెక్సిమ్ రెండూ చూడండి. కోమెక్సిమ్‌లో ఆర్డర్ పెట్టేటప్పుడే చిన్నచిన్న మార్పులు అడగొచ్చు. చిన్న బ్యాండ్‌తో పాటు చిన్న కప్పు కూడా కావాల్సినవాళ్లు ది లిటిల్ బ్రా కంపెనీ చూడొచ్చు.

లేబుళ్ల దగ్గర జాగ్రత్త. యూరప్ లేబుల్‌లో 60 అంటే బ్రిటిష్ 28, 65 అంటే 30, 70 అంటే 32. ఫ్రాన్స్, స్పెయిన్ లేబుళ్లలో దానికి 15 కలుస్తుంది, అంటే 28కి 75. ఆస్ట్రేలియాలో 28ని 6 అంటారు. కప్పు అక్షరాలు కూడా డిడి దాటాక దేశానికో తీరు. బ్రిటిష్‌లో డిడి, ఇ, ఎఫ్, ఎఫ్‌ఎఫ్, జి, జిజి అని నడుస్తుంది. అమెరికాలో డిడి తర్వాత డిడిడి. కాబట్టి అక్షరం ఒక్కటే చూసి కొనకండి, అది ఏ దేశపు అక్షరమో చూడండి.

చిరుమువ్వ:
జపాన్ సైజులు ఇంకో రకం. అక్కడ అక్షరం ముందు వస్తుంది, సి65 ఇలా. 65 అంటే సెంటీమీటర్లలో కింది కొలత. పైకీ కిందకీ 10 సెంటీమీటర్ల తేడా ఉంటే ఎ, ఆ పైన ప్రతి రెండున్నరకూ ఒక అక్షరం. నా కింది కొలత 65 సెంటీమీటర్లే కాబట్టి నాకు ఇవి బాగా కుదిరాయి. కప్పులు మాత్రం లోతు తక్కువ, మెత్తటి ప్యాడ్ ఎక్కువ.

ఇసుకగూడు:
ఒక మాట అడ్డం చెప్తున్నాను, ఏమీ అనుకోవద్దు. కొలత 28 వచ్చిన ప్రతివాళ్లూ 28 బ్యాండే వేసుకోవాలని లేదు. నాకూ 28 అంగుళాలే, ఎముక దగ్గరగా ఉంటుంది, మీద కండ లేదు. గట్టి ఎలాస్టిక్ ఉన్న 28 వేసుకుంటే మధ్యాహ్నానికి ఊపిరి ఆడదు. అదే గట్టి రకంలో 30 చక్కగా సరిపోతుంది. కాబట్టి లేబుల్ కంటే టేపును నమ్మండి. బ్రాను టేపు పక్కన పెట్టి, బ్యాండ్‌ను సాగినంత సాగదీసి చూడండి. ఆ పొడవు మీ కొలత కంటే కాస్త ఎక్కువ ఉంటే పర్వాలేదు. మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ వస్తే లేబుల్ మీద ఏ అంకె ఉన్నా అది మీకు వదులే. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు అమ్మేవాళ్లను ఈ సాగిన పొడవు అడగండి. పాతవి అమ్ముకునేవాళ్లు చాలామంది చెప్తారు.

వెన్నెలపూలు:
ఇసుకగూడు గారు చెప్పింది నిజం, నేను ముందే చెప్పాల్సిన మాట. విప్పాక ఎర్రటి గీతలు కాసేపట్లో పోతే మామూలే. చర్మం ఒరుసుకుపోయినా, గాలి నిండుగా పీల్చలేకపోయినా ఆ బ్యాండ్ వద్దు. కొత్తది మరీ బిగుతుగా ఉంటే హుక్కులకు తగిలించే ఎక్స్‌టెండర్ ముక్క దొరుకుతుంది. బ్రా సాగేదాకా దాంతో వాడి తర్వాత తీసేయొచ్చు. గర్భంతో ఉన్నప్పుడు పక్కటెముకలు వెడల్పవుతాయి, అప్పుడూ అది పనికొస్తుంది.

గవ్వలగలగల:
బిగుతు బ్రాలు, వైరు బ్రాలు వేసుకుంటే రొమ్ము క్యాన్సర్ వస్తుందని మా బంధువులు అంటుంటారు. నాకు అదొక టెన్షన్.

నీలికలువ:
ఆ భయం వదిలేయండి. అమెరికాలోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం వాళ్లు నెలసరి ఆగిన స్త్రీల మీద చేసిన పరిశీలన 2014లో వచ్చింది. ఏ వయసులో బ్రా మొదలుపెట్టారు, రోజుకు ఎన్ని గంటలు వేసుకుంటారు, వైరు ఉందా లేదా, అన్నీ అడిగారు. క్యాన్సర్‌తో ఏ సంబంధమూ కనబడలేదు. వైరు గుచ్చుకుంటుంటే అది సైజు తప్పని గుర్తు. రొమ్ము కింద మడతలో వైరు సరిగ్గా కూర్చుని, రొమ్ము మొత్తం వైరు లోపలే ఉండాలి.

కుట్టుపెట్టె:
28 ఎక్కడా దొరకనివాళ్లు 30 కొని చిన్నది చేయించుకోవచ్చు. కప్పు లెక్క మాత్రం మరిచిపోవద్దు. సన్నజాజి గారికి కావాల్సింది 28 డిడి అయితే కొనాల్సింది 30 డి. 30 డిడి కొంటే బ్యాండ్ తగ్గించాక కప్పు ఖాళీగా మిగిలిపోతుంది.

వెనక హుక్కుల పట్టీని, ఆ హుక్కులు తగిలించే ఎదుటి పట్టీని రెండింటినీ కుట్లు విప్పి తీయాలి. రెండు వైపులా సమానంగా తగ్గించాలి, ఒకవైపే కోస్తే బ్రా పక్కకు లాగుతుంది. తర్వాత పట్టీలను తిరిగి పెట్టి జిగ్‌జాగ్ కుట్టు వేయాలి, మామూలు కుట్టు వేస్తే సాగినప్పుడు దారం తెగుతుంది. కోసేముందు పిన్నులు పెట్టుకుని ఒక పూట వేసుకుని చూడండి. మొత్తం రెండు అంగుళాల దాకా తగ్గిస్తే బాగుంటుంది, స్ట్రాపులు కూడా వెనక మధ్యకు దగ్గరై జారడం తగ్గుతుంది. 32 కొని నాలుగు అంగుళాలు తీయమని చాలామంది వస్తారు. నేను వద్దంటాను. స్ట్రాపు కుట్టిన చోటు దాదాపు హుక్కుల దాకా వచ్చేస్తుంది, కప్పులు చంకల వైపు లాగబడతాయి, వైరు విచ్చుకుంటుంది.

తేనెపట్టు:
మా అమ్మాయికి 13 ఏళ్లు, చాలా సన్నం. 26 అంగుళాలు కూడా లేదు. ఏ బ్రా తెచ్చినా వదులే. స్కూలుకు వెళ్లాలంటే సిగ్గుపడుతోంది. ఏం చేయను?

చిరుమువ్వ:
అక్కా, ఈ వయసులో ఒళ్లు నెలనెలా మారుతుంది. వైరు, హుక్కులు ఉన్నవాటి కోసం ఇప్పుడే వెతకొద్దు. మెత్తగా సాగే, తల మీంచి వేసుకునే బ్రాలెట్ చాలు, కింద ఎలాస్టిక్ వెడల్పుగా ఉన్నది చూడండి. తనను అడిగి, తనకు నచ్చిందే తీసుకోండి. ఇంకా పెరగలేదేంటి అనే మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. అలాంటి మాటలు ఎంతకాలం గుచ్చుకుంటాయో నాకు తెలుసు.

సన్నజాజి:
28 డిడి, 30 డి రెండూ తెప్పించాను. 28 బ్యాండ్ కదలకుండా నిలబడింది, మెట్లు దిగినా ఎగబాకలేదు! ఒక సందేహం: కప్పు పై అంచు దగ్గర కొంచెం ఖాళీగా ఉంది. చిన్న కప్పుకు మారాలా?

వెన్నెలపూలు:
ఇంత సంతోషం! మారేముందు ఒకటి చేయండి. హుక్కు పెట్టుకున్నాక ముందుకు కాస్త వంగి, చేత్తో చంక వైపు నుంచి రొమ్మును మొత్తం కప్పులోకి తెచ్చుకోండి. వదులు బ్యాండ్‌లో ఏళ్ల తరబడి పక్కకు జరిగిపోయిన భాగం అప్పుడు లోపలికి వస్తుంది. చాలాసార్లు ఆ ఖాళీ నిండిపోతుంది. అయినా ఖాళీ ఉంటే అది ఆకారం తేడా కావొచ్చు. రొమ్ము కింది భాగం నిండుగా, పైభాగం పల్చగా ఉన్నవాళ్లకు అచ్చుపోసిన గట్టి కప్పు పైన తెరుచుకుంటుంది. అలాంటివాళ్లకు పై అంచు తక్కువగా ఉన్న రకం, లేదా పైన సాగే లేసు ఉన్న కప్పు బాగా అతుకుతుంది. రెండు కప్పుల మధ్య ముక్క ఛాతీ ఎముకకు ఆని ఉందా?

సన్నజాజి:
ఆని ఉంది అక్కా. వంగి సర్దుకున్నాక ఎడమవైపు నిండింది, కుడివైపు కొంచెం మిగిలింది.

ఇసుకగూడు:
రెండు వైపులూ సమానంగా ఉండేవాళ్లు చాలా తక్కువ. పెద్దవైపుకు సరిపోయే కప్పే ఉంచుకోండి. చిన్నవైపు స్ట్రాపు కాస్త బిగించండి, లేదంటే పల్చటి ప్యాడ్ ఒకటి కింద పెట్టుకోండి. వాషింగ్ మెషీన్‌లో, డ్రయ్యర్‌లో మాత్రం వేయకండి, వేడికి ఎలాస్టిక్ త్వరగా చచ్చిపోతుంది. ఒకే బ్రా వరసగా రోజూ వేసుకోకుండా మార్చిమార్చి వాడండి. చిన్న బ్యాండ్ మళ్లీ దొరకడం కష్టం కాబట్టి సరిపోయిన రకం పేరు, సైజు రాసిపెట్టుకోండి, అది తయారీ ఆపేలోపు ఇంకొకటి తీసి ఉంచుకోండి.

తేనెపట్టు:
పరుగెత్తడానికి వాడే స్పోర్ట్స్ బ్రాల సంగతి కూడా ఎవరైనా చెప్పండి. ఎస్, ఎం అని ఉంటాయి, ఎస్ కూడా నాకు కింద వదులే.

నీలికలువ:
ఎస్, ఎం ఉన్నవి వదిలేసి బ్యాండ్, కప్పు అంకెలతో అమ్మేవి చూడండి. పనాష్, ఫ్రేయా రెండింటిలోనూ అలాంటివి ఉన్నాయి, 28 బ్యాండ్‌తో సహా. రెండు రొమ్ములనూ కలిపి అదిమే రకం కంటే విడివిడి కప్పులున్నది పరుగుకు మేలు. వేసుకుని అక్కడే కాసేపు గెంతి చూడండి. బ్యాండ్ కదిలితే తిరిగి పంపేయండి.