మోకాలి స్కానింగ్ కీళ్ల డాక్టరే చేస్తే తప్పేంటి?

ఖమ్మం శీను:
మా అమ్మకు 61 ఏళ్లు. కుడి మోకాలు వాచింది, వెనక పిక్క కూడా గట్టిపడింది. ఎముకల డాక్టరు నొక్కి చూసి, నీరు చేరినట్టుంది, అల్ట్రాసౌండ్ తీయించుకురండి అని చీటీ రాశారు. స్కానింగ్ సెంటర్‌లో గర్భిణుల క్యూలో మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. రిపోర్ట్ మర్నాడు ఇచ్చారు. దాన్ని పట్టుకుని మళ్లీ డాక్టరు దగ్గరికి. "ఆ మిషన్ మీ దగ్గరే ఉంటే ఇక్కడే చూసేయొచ్చు కదా సార్" అంటే, "దానికి పెద్ద తతంగం ఉందిలేవయ్యా" అని నవ్వారు. ఏమిటా తతంగం? మోకాలు చూసే డాక్టరే మోకాలి స్కానింగ్ చేస్తే తప్పేంటి? ఇక్కడ డాక్టర్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

కీళ్లవాతం డాక్టర్, హైదరాబాద్:
శీను గారూ, ఆ తతంగం పేరు పీసీపీఎన్‌డీటీ చట్టం. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకుండా ఆపడానికి 1994లో తెచ్చారు, 2003లో బాగా బిగించారు. రిజిస్ట్రేషన్ లేని క్లినిక్‌కు అల్ట్రాసౌండ్ మిషన్ అమ్మడమే నేరం. దాన్ని గర్భిణులకు వాడతారా, మోకాళ్లకు వాడతారా అని చట్టం అడగదు.

మోకాలికి వాడే లీనియర్ ప్రోబ్, అంటే ఒంటి మీద ఆనించి చూసే పరికరం, 12 మెగాహెర్ట్జ్ అటూఇటూ ఉంటుంది. మూడు నాలుగు సెంటీమీటర్ల లోతు దాటితే దానికి సరిగా కనపడదు. దాంతో కడుపులో బిడ్డను చూడటం అయ్యే పని కాదు. అయినా నేను దాన్ని ముట్టుకోవాలంటే స్కానింగ్‌లో పీజీ పట్టా అయినా ఉండాలి, 2014 రూల్స్ ప్రకారం ఆరు నెలల శిక్షణ అయినా పూర్తిచేయాలి. ఆ శిక్షణ దేంట్లోనో తెలుసా? పొట్ట, పొత్తికడుపు స్కానింగ్‌లో, 300 గంటలు. మోకాలు చూడటానికి గర్భసంచి చూడటం నేర్చుకోవాలన్నమాట.

మాకు ఇది ఎందుకు కావాలంటారా? చేత్తో నొక్కితే అందని కొద్దిపాటి నీరు కూడా మోకాలి చిప్ప పైన నల్లటి చారలా కనపడుతుంది. గౌట్ (యూరిక్ యాసిడ్ స్ఫటికాల జబ్బు) అయితే గుజ్జు ఉపరితలం మీద ఇంకో తెల్లగీత గీసినట్టుంటుంది. కాల్షియం స్ఫటికాల జబ్బయితే తెల్ల చుక్కలు గుజ్జు లోపల ఉంటాయి. ఆ తేడాను బట్టి నా మందులు మారతాయి. రోగి "ఇక్కడే సార్" అని వేలు పెట్టిన చోట ప్రోబ్ పెట్టి చూస్తే సగం అనుమానాలు అక్కడికక్కడే తీరిపోతాయి.

నల్గొండ కుర్రోడు:
బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అని ఊరికే అనలేదు మనవాళ్లు. ఇక్కడైతే మోకాలు నిజంగానే ఉంది 😂

గుంటూరు రేడియాలజీ:
కుర్రోడా, నవ్వు సరే. ఆ ముడి వెనక మా మెడలున్నాయి. గర్భిణికి స్కానింగ్ చేసిన ప్రతిసారీ ఆ చట్టం కింద ఫారం ఎఫ్ అనే రికార్డు నింపాలి. అందులో గడులు ఖాళీగా వదిలినా కేసే. అవి గుమాస్తా పొరపాట్లు, నేరాలు కావు అని గైనకాలజిస్టుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్తే 2019లో కోర్టు ఒప్పుకోలేదు. ఒక రేడియాలజిస్ట్ ఒక జిల్లాలో రెండు సెంటర్లకు మించి పనిచేయకూడదు. ఇన్ని షరతుల మధ్య మేం బతుకుతుంటే, అవి మాకు మాత్రం వద్దు అని మీరంటే ఎలా సార్?

ఇక అసలు విషయం. డాక్టర్ గారూ, మీరు కనపడేవి చెప్పారు, మోసం చేసేవి చెప్పలేదు. ప్రోబ్ టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు) మీద సరిగ్గా నిటారుగా పడకుండా కాస్త వాలితే చాలు, బాగున్న టెండన్ కూడా నల్లగా కనపడుతుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి చిరిగింది అని రాస్తారు. అందుకే మోకాలి కింద దిండు పెట్టి 20, 30 డిగ్రీలు వంచుతాం, చిప్ప పైన టెండన్ బిగుసుకుని తిన్నగా నిలబడుతుంది. కాలు చాపి చూస్తే అది వదులుగా వంపులు తిరిగి ఉంటుంది. ముందువైపు గుజ్జు చూడాలంటే మళ్లీ మోకాలు పూర్తిగా మడవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎంతమంది అలా మడవగలరు? రక్తప్రసారం చూసేటప్పుడు ప్రోబ్‌ను గట్టిగా అదిమితే సన్నటి నాళాలు నొక్కుకుపోయి వాపులేదు అనిపిస్తుంది. వీటికి చెయ్యి కుదరాలి. వారాంతం వర్క్‌షాప్‌లో కుదరదు.

ఇంకో మాట, చేదుగా ఉన్నా అంటాను. చూసేదీ తనే, నీరుంది అని చెప్పేదీ తనే, సూది వేసేదీ తనే, బిల్లు వేసేదీ తనే అయితే అడ్డు చెప్పేవాళ్లెవరు? రెండో కన్ను ఉండటం రోగికే మంచిది.

కీళ్లవాతం డాక్టర్, హైదరాబాద్:
రెండో కన్ను గురించి మాట్లాడుతున్నారు కాబట్టి, స్కానింగ్ సెంటర్ల నుంచి చీటీ రాసిన డాక్టరుకు వెళ్లే కమీషన్ గురించి కూడా మాట్లాడదాం. అది ఏ ఊళ్లో లేదో చెప్పండి. బయటికి పంపితే నిజాయితీ, లోపల చూస్తే స్వార్థం అని తేల్చేయకండి.

చెయ్యి కుదరాలన్న మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటా. కానీ చెయ్యి కుదిరేది చేస్తేనే. మీ ఎండీలో మాత్రం కీళ్ల స్కానింగ్ ఎంత నేర్పిస్తున్నారు? రోజంతా గర్భిణులు, లివర్లు, కిడ్నీలు చూసే సెంటర్‌లో ఎప్పుడో ఒక మోకాలు వస్తుంది. యూరప్‌లో రుమటాలజిస్టుల సంఘం యూలార్ 2001లోనే కీళ్ల అల్ట్రాసౌండ్‌కు మార్గదర్శకాలు రాసింది. అక్కడ ఇది మా రోజువారీ పని.

లెస్టర్ ఫిజియో:
నేను ఇంగ్లండ్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నా, ఊరు తెనాలి. ఇక్కడ ఫిజియోలు కూడా మోకాలు స్కాన్ చేస్తారు. యూనివర్సిటీ కోర్సు, పైన ఒక అనుభవజ్ఞుడి పర్యవేక్షణలో చేసిన స్కాన్లన్నీ లాగ్‌బుక్‌లో రాయడం, ఆ తర్వాతే సొంతంగా. అదే నేను గుంటూరులో చేస్తే చట్టం ఒప్పుకోదు, నాకు ఎంబీబీఎస్ లేదు కాబట్టి.

అలాగని ఇక్కడ నడుస్తోంది కాబట్టి అక్కడా వదిలేయండి అనను. ఇక్కడ 20 వారాల స్కాన్‌లో ఆడో మగో అడిగితే చాలా ఆసుపత్రుల్లో చెప్పేస్తారు, దాని గురించి ఎవరికీ టెన్షన్ ఉండదు. పోలిక అక్కడే తెగిపోతుంది.

రేడియాలజీ గారు చెప్పనిది ఒకటుంది. ఎవరు చేసినా అల్ట్రాసౌండ్‌కు హద్దులున్నాయి. మోకాలి మధ్యలో ఎముకలను పట్టి ఉంచే క్రూసియేట్ లిగమెంట్, ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ లోపలి చిరుగు, ఎముక లోపల వాపు, వీటికి ఎంఆర్ఐ కావాలి. ఆటలో మోకాలు తిరిగిన కుర్రాడికి అల్ట్రాసౌండ్ చేసి "అంతా నార్మల్" అని పంపేస్తే అది కొత్త ప్రమాదం. పక్కకు పొడుచుకొచ్చిన మెనిస్కస్, చిప్ప కింద టెండన్, నీరు, వెనక తిత్తి, ఇంతవరకే నేను మాట్లాడతాను.

ఖమ్మం శీను:
వెనక తిత్తి అన్నారు కాబట్టి అడుగుతున్నా. అమ్మ రిపోర్ట్‌లో "బేకర్స్ సిస్ట్" అని ఉంది. పిక్క వాపు నిన్నటికీ ఇవాళ్టికీ ఇంకా పెరిగింది. అది ఇదేనా?

గుంటూరు రేడియాలజీ:
శీను గారూ, చర్చ కాసేపు పక్కన పెట్టండి. బేకర్స్ సిస్ట్ అంటే మోకాలి నీరు వెనక్కి వెళ్లి, పిక్క కండరానికీ పక్కనున్న టెండన్‌కూ సందులోంచి బయటికి ఉబ్బడం. అది పగిలితే నీరు పిక్కలోకి దిగి అచ్చం ఇలాగే వాస్తుంది. కానీ కాలి సిరలో రక్తం గడ్డకట్టినా ఇలాగే వాస్తుంది, అది ఊపిరితిత్తులకు వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. రెండూ ఒకేసారి కూడా ఉండొచ్చు. రిపోర్ట్‌లో సిరల గురించి ఏమైనా రాశారా?

ఖమ్మం శీను:
లేదు సార్. మోకాలి గురించే ఉంది. చీటీలో కూడా "యూఎస్‌జీ రైట్ నీ", అంటే కుడి మోకాలి అల్ట్రాసౌండ్ అని మాత్రమే రాశారు.

గుంటూరు రేడియాలజీ:
అయితే రేపటికి ఆగకండి. ఇవాళే దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లి కాలికి వీనస్ డాప్లర్, అంటే సిరల్లో రక్తం పారుతోందో లేదో చూసే స్కానింగ్, చేయమనండి. అమ్మకు ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే. ఆ పిక్కను మాత్రం ఎవరితోనూ మర్దన చేయించకండి.

కీళ్లవాతం డాక్టర్, హైదరాబాద్:
నాదీ అదే మాట. శీను గారూ, ముందు వెళ్లండి.

వెళ్లారు కాబట్టి ఇప్పుడు అంటున్నా. రేడియాలజీ గారూ, ఇదే కదా నా బాధ. పిక్క గట్టిపడిందని చేత్తో చూసిన డాక్టరు చేతిలోనే ప్రోబ్ ఉంటే చిప్ప దగ్గర ఆగేవాడు కాదు, కిందికి జరిపి సిర నొక్కి చూసేవాడు.

గుంటూరు రేడియాలజీ:
చీటీలో "పిక్క వాపు, సిరలు కూడా చూడండి" అని నాలుగు ముక్కలు ఎక్కువ రాసినా స్కానింగ్ చేసినవాడు చూసేవాడు. మాకు వచ్చే చీటీల్లో సగం మందుల చీటీల వెనక రాసినవే. నేనైతే మోకాలికి వచ్చిన వాళ్లను ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ల నుంచి అని అడిగి, రెండో మోకాలు కూడా చూసి పోల్చుకుంటాను. అలా అడగనివాళ్లు మాలో ఉన్నారు, కాదనను.

అడ్వకేట్, కర్నూలు:
ఇప్పటిదాకా చదివాను. చట్టం బోడిగుండు అన్నట్టు మాట్లాడుతున్నారు కాబట్టి రెండు అంకెలు. ఆరేళ్లలోపు పిల్లల్లో ప్రతి వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు దేశంలో 1991లో 945, 2001లో 927. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 975 నుంచి 961కి పడింది. ఆ పదేళ్లలో ఊరూరా దిగినవి ఈ మిషన్లే. "పొట్ట స్కానింగ్" అని బోర్డు పెట్టి లోపల ఏం చెప్పారో మీకూ తెలుసు. "లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు" అన్న బోర్డు గోడకు తగిలించిన చోటే చెప్పారు. రేపు "మోకాలి స్కానింగ్" అని బోర్డు మారదని గ్యారంటీ ఎవరిస్తారు?

లీనియర్ ప్రోబ్‌తో బిడ్డ కనపడదు అన్నారు డాక్టర్ గారు. ప్రోబ్ మార్చుకోవడానికి ఎంతసేపు పడుతుంది? పైగా ఇప్పుడు ఫోన్‌కు తగిలించే చేతి ప్రోబులు వచ్చాయి. వాటిలో కొన్ని ఒకే ప్రోబ్‌తో లోతుకీ పైకీ రెండిటికీ పనిచేస్తాయి. కదిలే మిషన్లను ఎక్కడ వాడాలో 2012 రూల్స్‌లో హద్దులు పెట్టింది అందుకే.

కీళ్లవాతం డాక్టర్, హైదరాబాద్:
మేడమ్, చట్టం ఎత్తేయమని నేను ఒక్క ముక్క కూడా అనలేదు. కీళ్లకని వేరే రిజిస్ట్రేషన్ పెట్టండి. గోడకు బిగించిన మిషన్, లీనియర్ ప్రోబ్ ఒక్కటే, వేరే ప్రోబ్ తగిలిస్తే పనిచేయకుండా కంపెనీయే లాక్ చేసి ఇవ్వాలి. శిక్షణ కూడా కీళ్లలోనే, మీరు చెప్పినన్ని గంటలు. తనిఖీకి ఎప్పుడొచ్చినా తలుపు తీస్తాం.

అడ్వకేట్, కర్నూలు:
లాక్ వేసినవాడే తాళం కూడా అమ్ముతాడు డాక్టర్ గారూ. లాక్ తీసిన మిషన్ దొరికితే కంపెనీని కూడా ముద్దాయిగా చేర్చే సెక్షన్ ఉంటే అప్పుడు మాట్లాడదాం.

గుంటూరు రేడియాలజీ:
ఆ సెక్షన్‌తో పాటు, తీసిన ప్రతి బొమ్మా చెరపడానికి వీల్లేకుండా మిషన్‌లోనే ఉండాలి, తేదీతో సహా. అదీ ఉంటే మా జిల్లా అసోసియేషన్ మీటింగ్‌లో ఈ ప్రతిపాదన నేనే పెడతా. తిట్లు తినడానికి రెడీ. కానీ ఫిజియోలకు మాత్రం ఇప్పుడే వద్దు, తెనాలి తమ్ముడు ఏమీ అనుకోకపోతే.

లెస్టర్ ఫిజియో:
అనుకుంటా అన్నా. దాని మీద వేరే చర్చ మొదలుపెడుతున్నా, అక్కడికి రండి.