బీకాం అయిపోతోంది, పరుగూ ఆగేలా ఉంది. తర్వాత ఏంటి?

ప్రశ్న: మాది హిందూపురం. బెంగళూరులో బీకాం ఫైనలియర్, స్పోర్ట్స్ కోటా సీటు. నాది 400 మీటర్లు. తెల్లారకముందే కంఠీరవ స్టేడియంలో ప్రాక్టీసు, తర్వాత క్లాసులో కునికిపాట్లు. తొడ వెనక కండరం పట్టేసినప్పటి నుంచి టైమింగ్ మెరుగుపడట్లేదు. ఇంట్లోవాళ్లేమో "రైల్వే ఉద్యోగం వస్తుందిలే" అంటారు, అదేదో ప్లాట్‌ఫారం మీద పంచిపెడుతున్నట్టు. రెజ్యూమేలో పతకాలు తప్ప రాయడానికేం లేవు.

జవాబు: చెల్లీ, నేను వాలీబాల్ ఆడి రైల్వేలో క్లర్కునయ్యా. రైల్వే స్పోర్ట్స్ కోటాకి వయసు 18 నుంచి 25 లోపే, సడలింపు లేదు. పాత పతకాలు లెక్కలోకి రావు, ఈమధ్యవే చూస్తారు. ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ మీట్‌లో మొదటి 3 స్థానాల్లో వస్తే కొన్ని పోస్టులకి అర్హత ఉంటుంది. సర్టిఫికెట్లలో పేరు, పుట్టినతేదీ టెన్త్ మెమోతో కలిశాయో లేదో ఇవాళే చూసుకో. తేడా ఉంటే తిరగలేక చస్తావు.

ఇంకో జవాబు: రైల్వే ఒక్కటే పట్టుకుని కూర్చోకమ్మా. కోచింగ్ ఇష్టమైతే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్‌లో 6 వారాల సర్టిఫికెట్ కోర్సుంది. వ్యాయామ విద్యలో డిగ్రీ, అదే బీపీఈడీ, చేస్తే స్కూళ్లలో పీఈటీ (వ్యాయామ టీచర్) పోస్టులున్నాయి. టీం టికెట్లు, డీఏ (రోజువారీ భత్యం) లెక్కలు ఎప్పుడైనా చూశావా? బీకాం పిల్లవి, రెజ్యూమేలో ముందు అది రాయి.

ప్రశ్న అడిగినామె: మైసూరు మీట్‌కి రిలే టీం ఖర్చులన్నీ నేనే రాశానండీ, తట్టనేలేదు! అన్నా, మెమోలో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంది, మీట్ సర్టిఫికెట్లో పూర్తిగా వేశారు. ఎవర్ని కలవాలి?

మొదటి జవాబు ఇచ్చినాయన: మీ కాలేజీ పీడీని, అదే ఫిజికల్ డైరెక్టర్‌ని. ఆయన సంతకంతో యూనివర్సిటీ స్పోర్ట్స్ విభాగానికి లెటర్ పెట్టించు, పరీక్షల హడావుడి మొదలవకముందే.